ఐదు వేళ్ల పాఠం

మన క్లాసే ఫస్టు వచ్చిందమ్మా అంటూ పెద్దమేడం స్టాఫ్ రూము తలుపు తోసుకుని వచ్చేసరికి ఆ క్లాసు టీచరు ఒక చెప్పు విప్పేసి, కాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని, చల్లారిపోయిన టీ మీద కట్టిన మీగడను చెంచాతో ఓ పక్కకు జరుపుతోంది. గబుక్కున కాలు దించబోతే చెప్పు బల్ల కిందికి పోయింది, అందుకని ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఫస్టు వచ్చిన వార్తను ఆమె ఒంటి చెప్పుతో, కొంగలాగా నిలబడి విన్నది. ఊళ్లో బళ్లన్నిటికీ కలిపి పెట్టిన పరీక్షలో, మారణహోమం, మానవ హక్కులు అన్న పాఠంలో, ఎనిమిదో తరగతి వాళ్లు, అంటే ఆమె పిల్లలు, ఇంచుమించు అందరూ నూటికి నూరు. పొద్దున వచ్చి క్లాసులో ప్రశ్నలడిగి వెళ్లిన ఇన్‌స్పెక్టరు గారు కూడా తెగ మెచ్చుకున్నారట, రేపు మిగతా బళ్ల టీచర్లు ఈ పాఠం చూడ్డానికి వస్తున్నారట, వెనక వరసలో కుర్చీలు వేయిస్తున్నాం, నువ్వు కొత్తదేం పెట్టుకోకు, ఆ వేళ్ల పాఠమే చెప్పు అంది పెద్దమేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి పడ్డాకే తెలిసింది, భుజం ఎంత నొప్పిగా ఉందో. మూలన గొడుగు వెతుక్కుంటున్న లెక్కల మాస్టారు, జనాన్ని ఎలా చంపాలో అడిగితే మీవాళ్లకి నూటికి నూరు, భాగహారం అడిగితే ముప్ఫై దాటరు, అదేం చిత్రమో అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక మళ్లీ కూర్చుంది, బల్ల కిందికి వంగి చెప్పు తీసుకునే ఓపిక లేక.

అందరూ వెళ్లిపోయారు. ఫోనులో లిఫ్టులు బాగుచేసే భర్త మెసేజు, లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్యన ఇరుక్కుంది, లోపల ఒక పెద్దాయన, గంట పడుతుంది, తడవకుండా అక్కడే ఉండు టీచరమ్మా. పెళ్లయి రెండు నెలలు నిండలేదు, ఇంకా ఆ పిలుపు కనబడితే మెడ వెనక వెచ్చగా అవుతుంది. అత్తయ్య ఎదుట అతన్ని మీరు అంటుంది, గది తలుపు వేయగానే నువ్వు, ఆ రెంటికీ మధ్య ఉన్న నాలుగడుగుల నడవాలో ఏమనాలో తెలియక దగ్గుతుంది, అది కనిపెట్టి ఆడపడుచు, వదినకి నడవాలోనే జలుబు అంటుంది. అతని టూల్ బ్యాగులో స్క్రూల డబ్బాలో ఆమె జడపిన్నులు దొరుకుతాయి, ఎందుకంటే పనికొస్తాయంటాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ముందు నీళ్లడగరట, గాలీ అడగరట, బయట ఎవరైనా ఉన్నారా అని అడుగుతారట, అందుకని పని మొదలుపెట్టేముందు అతను తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఏదో ఒకటి మాట్లాడతాడు, వాన సంగతి, క్రికెట్టు సంగతి, ఈమధ్య నా భార్య టీచరండీ అన్న సంగతి. పొద్దున స్కూటరు మీద వస్తున్నప్పుడు ఆమె అతని జేబులో చెయ్యి పెట్టుకుంటుంది, చలికి, చలి లేని రోజున అలవాటుకి. బడి గేటుకి ఒక సందు ఇవతలే తీసేస్తుంది, పిల్లలు చూస్తారని. పిల్లలు చూస్తూనే ఉంటారు. పిల్లలు చూడనిదేముంది.

వేళ్ల పాఠం పుట్టిందే పిల్లల చూపులోంచి. పోయినేడు ఇదే పాఠం చెబుతుంటే సగంమంది నిద్ర, ముందు బెంచీలో ఇద్దరు ఏడుపు, ఎన్ని లక్షలమంది అని చెప్పినా ఆ సున్నాలు వాళ్లకి సున్నాల్లాగే కనబడేవి. తెలివైనవాడొకడు, అంతమందిని చంపుతుంటే పక్కింటివాళ్లు ఏం చేశారు టీచర్ అనడిగితే గంట కొట్టేదాకా నల్లబల్ల తుడిచింది. అదంతా సెలవుల్లో నమిలి నమిలి, చంపడం అన్నది ఒక్కరోజున మొదలవదని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, సబ్బు నురగలో ఉన్న తన చేతిని చూసుకుంది. బొటనవేలు, వేరు చేయడం, మనం వేరు వాళ్లు వేరు. చూపుడు వేలు, పేరు పెట్టడం. నడిమి వేలు, గుర్తు వేయడం, దూరం నుంచే తెలిసేలా. ఉంగరపు వేలు, మనిషే కాదనడం, పురుగనో జంతువనో. చిటికెన వేలు, పంపించేయడం, వాళ్ల మంచికేనని చెప్పి మరీ. తరవాత ఐదూ ముడిస్తే పిడికిలి, అది చంపడం. ఆ తరవాత అరచెయ్యి తెరిచి చూపించడం, మాకేం తెలియదు, ఇక్కడేమీ జరగలేదని. ఎంత సంబరపడిందో ఆ రోజు, తడి చేత్తోనే కాగితం వెతికింది. పిల్లలకి ఒక్క పీరియడులో వచ్చేసింది. క్లాసంతా ఒక్కసారి బొటనవేళ్లు ఎత్తితే అడవిలో మొలకల్లాగా ఉండేది. పెళ్లయి వచ్చాక నాలుగో వేలు ఎత్తితే ఉంగరం కనబడి క్లాసంతా కిసకిసమనేది, ఆమె కూడా సిగ్గుతో నవ్వేసేది. మనిషిని మనిషి కాదనడం, అన్న చోట ప్రతిసారీ నవ్వే, మరి ఆ చోట నవ్వడం వాళ్లకి అలవాటైపోయిందేమో, అలవాటు చేసింది ఎవరు, ఈ ఉంగరం కాస్త వదులైంది, అత్తయ్య దారం చుట్టుకోమంది, చుట్టుకోవాలి.

ఫస్టు వచ్చిందంటే ఎగిరి గంతెయ్యాలి కదా, ఎందుకిలా ఒళ్లంతా తడిసిన పరుపులాగా ఉంది. రాత్రి నిద్ర తక్కువ, అది నిజమే, ఆ తక్కువ నిద్రకి తనే నవ్వుకుంటుంది, కానీ ఈ అలసట అది కాదు. ఏదో ఒకటి పొద్దుటినుంచి పంటి సందులో నారలాగా ఉంది. ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు మీదుగా చూసిన చూపు కాదు. ఆయన అడగ్గానే క్లాసంతా వేళ్లెత్తి వరసగా అప్పజెప్పారు, కొత్తపిల్ల ఒక్కతే చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుంది. నడి ఏడాదిలో వచ్చి చేరిన పిల్ల, చివరి బెంచీ, పక్కన ఎవరూ ఉండరు, సంఖ్య అలా కుదిరిందనుకుంది ఆమె, బేసి సంఖ్య అయితే ఎవరో ఒకరు ఒంటరిగా ఉండాలి కదా. నీకు రాదా అమ్మా అన్నారాయన. వచ్చండీ, నేను వేళ్లు లేకుండా చెబుతాను అని ఆ పిల్ల లేచి, ఒక్క మాట తప్పకుండా, నెమ్మదిగా, తన ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పింది. ఆయన శభాష్ అన్నారు. ఆమె కూడా గర్వపడింది, చూశారా, నా క్లాసులో చివరి బెంచీకి కూడా వస్తుందని. ఇంటి అడ్రసు చెప్పినట్టు. ఇది కాదు నార. నార ఆ తరవాతది. మధ్యాహ్నం అన్నాల వేళ క్లాస్ లీడరు వచ్చింది. చిట్టి పంతులమ్మ అంటారు టీచర్లందరూ ఆ పిల్లని, నడకా మాటా ఆమెదే, చాక్‌పీసు పట్టుకోవడం కూడా ఆమె పట్టుకున్నట్టే, అందుకని ఆ పిల్లంటే ఆమెకి ముచ్చట, అద్దం మీద ఎవరికి ముచ్చట ఉండదు. టీచర్, కొత్తమ్మాయిని పక్క సెక్షనుకి మారిస్తే బాగుంటుంది, ఇక్కడ తనకి కలవడం లేదు, తనే అడుగుతోంది, తన మంచికే టీచర్ అంది. వెనక మరో ముగ్గురు తలలూపారు. ఎంత బుద్ధిగా, ఎంత దయగా. ఆమె నోట్లో కోడిగుడ్డు ముక్క ఉంది, ముందు దిద్దని కాగితాల కట్ట ఉంది, ఐదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా, కొందరు కలుస్తారు కొందరు కలవరు అనుకుంది, సరే, రేపటినుంచి మారుద్దాం అంది. సరే. ఆ ఒక్కమాట అనడానికి ముద్ద మింగేదాకా కూడా ఆగలేదు.

కిటికీ దగ్గరకి వెళ్లింది, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ. వాన పలచబడలేదు. రోడ్డుకి అవతల బస్సు షెడ్డులో తన పిల్లలే, చిట్టి పంతులమ్మా, ఆ పిల్ల చుట్టూ గుంపూ, సంచులు నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటున్నారు, చూడ్డానికి ఎంత బాగున్నారు, ఆమెకి ఒక్కక్షణం అలసట పోయినట్టనిపించింది. షెడ్డులో చోటుంది. అయినా కొత్తపిల్ల అక్కడ లేదు. షెడ్డు పక్కన, మూసేసిన చెప్పుల దుకాణం చూరు కింద, గోడకి వీపు ఆనించి నిలబడింది, చేతులు రెండూ జేబుల్లో. చిట్టి పంతులమ్మ అటు తిరిగింది. నాలుగు వేళ్లు ముడిచి చిటికెన వేలు ఒక్కటీ ఎత్తింది. అచ్చం ఆమె ఎత్తినట్టే, మోచెయ్యి నడుముకి ఆనించి, మణికట్టు కాస్త వంచి. గుంపులో ఒకరొకరే ఎత్తారు. చిన్న చిన్న వేళ్లు, షెడ్డు నిండా. పాఠం నెమరేసుకుంటున్నారు కాబోలు, పరీక్ష అయిపోయాక కూడా, ఎంత శ్రద్ధ అని ఆమె పెదవులు నవ్వడానికి విచ్చుకున్నాయి కూడా, విచ్చుకున్నవి అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే కొత్తపిల్ల తల వంచుకుంది.

చిటికెన వేలు అంటే పంపించేయడం. రేపటినుంచి మారుద్దాం. సరే.

పోయినవారం ఇదే గుంపు నీళ్ల కుళాయి దగ్గర నాలుగో వేలు ఎత్తుకుని క్వాక్ క్వాక్‌మని బాతులాగా అరుస్తుంటే, ఉంగరం చూసి తననే ఆటపట్టిస్తున్నారనుకుని, ఆగండి మీ పని చెబుతానని కొంగుతో నోరు మూసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. కుళాయి దగ్గర వంగి నీళ్లు తాగుతున్నది ఆ పిల్లే. బాతు. ఆ పిల్ల గుడ్డ బూట్లు తడిసి, నడుస్తుంటే కిచుక్కు కిచుక్కుమనేవి, అందుకని బాతు అంటున్నారని వింది, చెవిలో వేసుకోలేదు, పిల్లలన్నాక పేర్లు పెట్టుకోరా, తనని చిన్నప్పుడు గరిటె అనేవాళ్లు. పేరు పెట్టడం, చూపుడు వేలు. ఆ పిల్ల సంచి మీద సుద్దతో గుండ్రటి చుక్క ఉండేది, ఉతికి వస్తే మర్నాడు మళ్లీ ఉండేది, నల్లబల్లకి ఆనుకోకే తల్లీ అని ఆమే ఒకసారి తన చేత్తో దులిపింది. నడిమి వేలు. మరి మొదటిది, మొదటిదేది, బొటనవేలు లేకుండా చెయ్యెక్కడుంటుంది. బూట్లు ఎందుకు తడుస్తున్నాయి. రోజూ బస్సులో వచ్చే పిల్ల బూట్లు ఎందుకు తడుస్తున్నాయి. ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. ఆ పిల్ల బస్సులో రావడం లేదు. బస్సులో ఖాళీ సీట్ల మీద సంచులు పెట్టేస్తారు, పిల్లలందరికీ తెలిసిన విద్య అది, ఇక్కడ మనవాళ్లున్నారు అంటారు, ఒకరోజు రెండురోజులు నిలబడి ఉంటుంది, తరవాత నడక. నడకకి తడి, తడికి చప్పుడు, చప్పుడుకి పేరు. పేరు బూట్లలోంచి పుట్టిందనుకుంది తను, బూట్లే సీటులోంచి పుట్టాయి.

పిల్లికి చెలగాటం అంటారు, కానీ పిల్లికి కూడా ఇలా వరసక్రమం ఉండదు. ఆమె నేర్పిన వరస. ఒక్కొక్క వేలూ దాటుకుంటూ వచ్చారా పిల్లలు, ఇవాళ ఇది, రేపు అది అని, ఆటకి మెట్లున్నట్టు. లేకపోతే ఎవరూ నేర్పకపోయినా ఇలాగే చేసేవాళ్లా, ఆమె వేళ్లు వాళ్లు చేసేవాటికి ఉత్త పేర్లేనా. ఏది నిజమైతే తన ఒళ్లు తేలికవుతుందో తెలియదు. రెంటితోనూ తేలికవదు. అసలు మాట వేరే ఉంది, ఐదో వేలు నిజానికి ఎత్తింది వాళ్లు కాదు. ఎత్తలేరు, పిల్లలకి ఆ అధికారం లేదు. సెక్షను మార్చేది టీచరు. చిటికెన వేలు తనది, కోడిగుడ్డు నములుతూ ఎత్తింది. పోయినేడు ఆ తెలివైన పిల్లాడు అడిగిన ప్రశ్న, పక్కింటివాళ్లు ఏం చేశారు టీచర్. ఇదిగో, అన్నం తింటున్నారు నాయనా, బోలెడు పనిలో ఉన్నారు, సరే అన్నారు.

షెడ్డులో ఒకరు పిడికిలి బిగించి చూపించారు, ఇక మిగిలింది ఇదేగా అన్నట్టు, గుంపంతా విరగబడి నవ్వారు. వాళ్లు కొట్టరు. ఆటే. వాళ్లకి ఆటే, మంచి పిల్లలు, తనకి తెలుసు, ఒకడు కుక్కపిల్లని సంచిలో పెట్టుకుని తెచ్చాడు, చిట్టి పంతులమ్మ వాళ్ల తాత పోయినప్పుడు టీచరు ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. మంచి పిల్లలే, అదే భయంగా ఉంది. ఆ సుద్ద చుక్క గురించి ఒకసారి ఏమిటర్రా ఇది అని అడిగింది తను, అడగలేదని కాదు. అందరూ అరచేతులు తెరిచి చూపించారు, మాకేం తెలీదు టీచర్ అని, ఒకేసారి, చక్కగా. ఎంత ముద్దుగా ఉన్నాయో ఆ అరచేతులు, సిరా మరకలతో.

బస్సు వచ్చింది. పిల్లలు ఎక్కారు. బస్సు కదిలాక చెప్పుల దుకాణం చూరు కింద కొత్తపిల్ల అలాగే ఉంది. ఎంత నీరసంగా ఉందో ఆమెకి, ఇన్ని మెట్లు దిగాలి, రేపు చూసుకుందాం, రేపు పెద్దమేడంతో నెమ్మదిగా మాట్లాడదాం, ఇవాళే ఫస్టు వచ్చిన రోజు, ఒక్కపూట. బయట ఎవరైనా ఉన్నారా అని అడుగుతారట ముందు. ఆమె బల్ల కిందికి వంగింది. చెప్పు గోడ దాకా పోయింది, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపితే బూజు అంటుకుంది, ఉంగరం జారబోతే పట్టుకుంది. మెట్లు దిగింది. లెక్కల మాస్టారు పట్టుకుపోయిన గొడుగు తనదేనని గేటు దగ్గర గానీ తెలియలేదు.

తడుస్తూ వచ్చిన టీచరుని చూసి ఆ పిల్ల చోటిచ్చి పక్కకు జరిగింది. ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాసేపు ఆమె వాన సంగతి మాట్లాడింది, బస్సుల సంగతి మాట్లాడింది, నాలుగో స్టాపులో దిగి సందులోకి వెళ్లాలని పిల్ల చెప్పింది, నడిస్తే పెద్ద దూరమేం కాదంది. అప్పుడు ఆమె, మధ్యాహ్నం తను సరే అన్నది తప్పని, అలా అనకూడదని, రేపు సెక్షనేం మారక్కర్లేదని చెప్పింది. పిల్ల మొహంలో వెలుగేదో వస్తుందని చూసింది. రాలేదు.

"మార్చేయండి టీచర్. నేనే అడగమన్నాను."

"నిన్ను ఎవరైనా అనమన్నారా?"

"లేదు. అక్కడైతే బాగుంటుంది." పిల్ల బూట్లవైపు చూసుకుంది. "వాళ్లకింకా ఈ పాఠం చెప్పలేదు కదా."

చూరు నీళ్లు ఇద్దరి ముందూ తెరలాగా పడుతున్నాయి. ఎన్ని మార్కులు వచ్చాయి ఈ పిల్లకి, నూటికి నూరే అయి ఉంటుంది. చెయ్యి పట్టుకోబోయింది, ఆ పిల్ల చేతులు జేబుల్లో ఉన్నాయి, బయటికి తియ్యమనడానికి తనకి హక్కు లేదనిపించింది.

"ఎక్కడ కూర్చోవాలో నువ్వే చెబుదువుగాని," అంది చివరికి. "అక్కడే కావాలంటే అక్కడే. కానీ రేపు ఒక్కరోజు ఉండు. రేపు వచ్చినవాళ్ల ముందు నేను ఏం చేశానో చెబుతాను. నిన్ను లేపను, నీవైపు చూడను కూడా."

"నా పేరు చెప్పకండి."

"చెప్పను."

"బాతు అని కూడా."

"అదీ చెప్పను."

పిల్ల ఆలోచించింది, పెద్దవాళ్లు సరుకు చూసి ఆలోచించినట్టు. తరవాత, లీడరుని కొడతారా టీచర్ అని అడిగింది. కొట్టనంది. బయటికి పంపుతారా. పంపించేయడం ఎన్నో వేలో నీకు తెలుసుగా అంది ఆమె. పిల్ల నవ్వలేదు గానీ ఒక చెయ్యి జేబులోంచి తీసి మొహం మీది తడి తుడుచుకుంది, మళ్లీ పెట్టేసుకోలేదు.

స్కూటరు వచ్చి ఆగింది. అతని తలనిండా నీళ్లు, చెయ్యంతా గ్రీజు, లిఫ్టులోని పెద్దాయన బయటికొచ్చి, నీ భార్యకి నా నమస్కారం చెప్పమన్నాడట. వెనక ఇద్దరినీ ఎక్కించుకోమంది ఆమె, ముందు ఈ అమ్మాయిని నాలుగో స్టాపు దగ్గర దింపాలంది. అతను టూల్ బ్యాగు ముందుకు జరుపుకుని చోటు చేశాడు. ఫస్టు వచ్చిందటగా, గేటు దగ్గర చెప్పారు అన్నాడు, మొహం ఇంతచేసుకుని. ఆ మొహం చూస్తే ఆమెకి ఒక్కసారి ఏడుపొచ్చింది, వానలో కనబడదులే అనుకుంది. పిల్ల మధ్యలో, ఆమె చివర. అతని జేబు అందలేదు. సందు మలుపులో పిల్ల దిగి, తడి బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాక ఆమె ముందుకు జరిగి జేబులో చెయ్యి పెట్టింది, అక్కడ ఒక జడపిన్ను తగిలింది.

"రేపు నన్ను బడి దాకా తీసుకెళ్లకు," అంది అతని వీపుతో. "పొద్దున్నే లేపి ఇక్కడ దింపేయి. ఆ అమ్మాయితో బస్సెక్కుతాను."